పడకపోవుట యననేమి?

మన తెలుగువారి యిండ్లలో "అది నాకు పడదు" అను మాట తరచుగా వినబడుచుండును. ఒకరికి వంకాయ పడదు. ఒకరికి రొయ్యలు పడవు. మరియొకరికి దుమ్ము పడదు. ఇల్లు ఊడ్చుచుండగా ఆ గదిలో నిలిచినంత మాత్రముననే వరుసగా పది తుమ్ములు వచ్చును. ఈ మాట విన్నవారు సాధారణముగా రెండు విధములుగా ప్రవర్తింతురు. కొందరు "ఇదియంతయు మనసులోని భ్రమ" యని నవ్వి త్రోసివేయుదురు. మరికొందరు తమ దేహమునకు కలిగిన ప్రతి బాధకును ఏదో యొక కూరను కారణముగా చెప్పి, దానిని జన్మమంతయు విడిచిపెట్టుదురు. ఈ రెండును సరికావు. పడకపోవుట యనునది శరీరములో నిజముగా జరుగు క్రియ. దానికి నియమములు కలవు. వైద్యశాస్త్రమున దీనిని అలర్జీ యందురు.

ఆ నియమములను కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు నూరు సంవత్సరములు పట్టినది. వానిని నేర్చుట పరీక్షలో మార్కుల కొరకు మాత్రమే కాదు. ఒక్కొక్కప్పుడు ప్రక్క బల్లపై కూర్చున్న స్నేహితుని ప్రాణము మన యెరుకపై ఆధారపడి యుండును. కావున ఈ విషయమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును అర్థమగునట్లు మొదటినుండి వివరింప యత్నింతుము.

శరీర రక్షణము

మన చుట్టునున్న గాలి, నీరు, నేల యన్నియు కంటికి కనబడని సూక్ష్మజీవులతో నిండియున్నవి. అవి మన దేహములోనికి నిత్యము ప్రవేశించుచునే యుండును. అయినను మనము నిత్యము జబ్బుపడుట లేదు. రక్తములోని తెల్లకణములు వానిని ఎదుర్కొనుటయే ఇందులకు ముఖ్య కారణము. ఈ కణములలో కొన్ని సూక్ష్మజీవులను మ్రింగివేయును. కొన్ని ప్రతిరక్షకములు అను మాంసకృత్తులను తయారుచేసి రక్తములోనికి విడుచును. తాళముకప్పకు దాని తాళపుచెవి మాత్రమే సరిపోవునట్లు, ఒక్కొక్క ప్రతిరక్షకము ఒక్కొక్క పదార్థమునకు మాత్రమే తగులుకొనును.

ఈ రక్షణమునందు మిక్కిలి ఆశ్చర్యకరమైన గుణము జ్ఞాపకము. ఒకమారు తట్టు వచ్చి తగ్గిన బిడ్డకు మరల తట్టు వచ్చుట మిక్కిలి అరుదు. మొదటిమారు చూచిన శత్రువును శరీరము గుర్తుంచుకొని, రెండవమారు వచ్చినప్పుడు క్షణమాలసింపక ఎదుర్కొనును. టీకాలన్నియు ఈ గుణముపైననే ఆధారపడి యున్నవి. 1796లో ఎడ్వర్డు జెన్నరు వేసిన టీకాతో ప్రారంభమైన యత్నము ఫలించి, మశూచికము భూమిపై లేకుండ పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. ఇంతటి మేలు చేసిన జ్ఞాపకశక్తి ఒక్కొక్కప్పుడు కీడునకు కూడ కారణమగునని మొదట నెవరును ఊహింపలేదు.

రెండవమారు వచ్చిన అపాయము

ఇంగ్లండు దేశమున వసంతకాలమును, వేసవియును వచ్చినంతనే కొందరికి తుమ్ములు, కన్నుల దురద, ముక్కునుండి నీరు కారుట ప్రారంభమగును. మాంచెస్టరు నగర వైద్యుడగు చార్లెస్ బ్లాక్లీకి ఈ బాధ యుండెను. దానికి ఎండయే కారణమని కొందరును, పరిమళమని కొందరును చెప్పుచుండిరి. బ్లాక్లీ ఊహలతో తృప్తి చెందక తన దేహముపైననే పరీక్షలు చేసెను. గడ్డిపూల పుప్పొడిని తన ముక్కులో ఉంచుకొని చూచెను. చర్మమును గీరి అచ్చట పుప్పొడి నద్ది చూచెను. ఎత్తున గాలిలో పుప్పొడి యున్నదో లేదో తెలిసికొనుటకు గాలిపటములకు జిగురు పూసిన గాజుపలకలను కట్టి పైకి పంపెను. తుమ్ములకు పుప్పొడియే కారణమని 1873లో ప్రకటించిన గ్రంథములో ఆయన స్థాపించెను. అయితే ఒక ప్రశ్న మిగిలిపోయినది. పుప్పొడి విషము కాదు. పదిమంది దానిని పీల్చినను తొమ్మిదిమందికి ఏమియు కాదు. పదియవవానికి మాత్రము బాధ యేల కలుగవలెను?

దీనికి జవాబు దొరకు మార్గము 1901లో సముద్రముపై ప్రారంభమైనది. మొనాకో దేశపు ప్రభువగు మొదటి ఆల్బర్టు సముద్రశాస్త్రమునందు ఆసక్తి గలవాడు. ఆయన తన ఓడలో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అను ఇద్దరు ఫ్రెంచి పండితులను వెంటబెట్టుకొనిపోయెను. సముద్రపు నీటిపై తేలియాడు ఒక జంతువు తాకినచో మనుష్యులకు మంట పుట్టును. ఆ విషమును పరిశోధింపుడని వారిని కోరెను. పారిసునకు తిరిగి వచ్చిన పిమ్మట వారు సముద్రపు రాళ్లపై పెరుగు మరియొక జంతువు విషమును తీసికొని కుక్కలపై పరీక్షలు చేసిరి. కొద్దికొద్దిగా విషమిచ్చినచో వానికి అలవాటుపడి, పిమ్మట ఎక్కువ విషమును కూడ సహించునని వారి యూహ.

జరిగినది దానికి విరుద్ధము. నెప్ట్యూన్ అను బలమైన కుక్కకు మొదటిమారు కొద్దిపాటి విషమిచ్చిరి. దానికి ఏ బాధయు కలుగలేదు. 22 దినముల పిమ్మట, అది పూర్ణారోగ్యముతో నుండగా, అంతే మోతాదు మరల ఇచ్చిరి. కొన్ని క్షణములలో దానికి ఊపిరి సలుపలేదు. అది నిలువలేక ప్రక్కకు పడిపోయి, నెత్తురు కక్కుకొని, 25 నిమిషములలో చనిపోయెను. రిషే తన నోబెలు ఉపన్యాసమున చెప్పిన వృత్తాంతమిది. మొదటి మోతాదు ఆ కుక్కకు రక్షణ నొసంగుటకు మారుగా దాని రక్షణమునే తలక్రిందులు చేసినది. "రక్షణమునకు విరుద్ధము" అను అర్థము వచ్చునట్లు రిషే దీనికి అనాఫిలాక్సిస్ అని పేరుపెట్టెను. 1902లో ప్రకటించిన ఈ పరిశోధనమునకు గాను 1913లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది.

ఆ కాలముననే వియన్నా నగరమున క్లెమెన్స్ ఫాన్ పిర్కె, బేలా షిక్ అను బాలవైద్యులు మరియొక వింతను గమనించిరి. గొంతువాపు జబ్బుగా పేరొందిన డిఫ్తీరియా వచ్చిన బిడ్డలకు గుఱ్ఱపు రక్తమునుండి తీసిన రసమును సూదిమందుగా ఇచ్చుచుండిరి. దానివలన ప్రాణములు దక్కుచుండెను. కాని కొందరు బిడ్డలకు వారము పది దినముల పిమ్మట జ్వరము, దద్దుర్లు, కీళ్లవాపు వచ్చుచుండెను. అదే బిడ్డకు కొంతకాలమునకు మరల ఆ మందు ఇచ్చినప్పుడు ఈ లక్షణములు ఇంకను త్వరగా వచ్చుచుండెను. మందు మారలేదు, బిడ్డ శరీరము మారినది. అందుచే పిర్కె 1906లో "మారిన ప్రవర్తన" అను భావము గల గ్రీకు పదములను కూర్చి అలర్జీ యను మాటను కల్పించెను. దోషము పదార్థమున లేదు, దానిని ఎదుర్కొను శరీరము తీరున నున్నది యనుటయే ఆ మాటలోని సారము. మన "పడకపోవుట" యను మాట కూడ ఈ భావమునకు మిక్కిలి దగ్గర. వస్తువు చెడ్డదని మనము చెప్పుట లేదు. నాకును దానికిని పొసగదని మాత్రమే చెప్పుచున్నాము.

రక్తములోని రహస్యము

మారిన ఆ శరీరములో మార్పు ఎచ్చటనున్నది? 1921లో జర్మనీ దేశపు వైద్యులగు కార్ల్ ప్రౌస్నిట్జ్, హైన్జ్ క్యూస్ట్నర్ అనువారు చేసిన పరీక్ష మిక్కిలి సులభమైనది. క్యూస్ట్నరునకు ఉడికించిన చేప పడదు. ప్రౌస్నిట్జునకు చేప వలన ఏ బాధయు లేదు. క్యూస్ట్నరు రక్తమునుండి తేటనీటిని తీసి ప్రౌస్నిట్జు చర్మములో ఒకచోట ఎక్కించిరి. మరునాడు అదే చోట చేపరసమును ఎక్కించిరి. వెంటనే అచ్చట ఎఱ్ఱని దద్దురు లేచెను. చర్మములో తక్కిన చోట్ల నేమియు కాలేదు. అనగా పడకపోవు గుణము రక్తపు తేటలో నుండు ఏదో పదార్థము వలన కలుగుచున్నదనియు, అది ఒకరినుండి మరియొకరికి పోగలదనియు తేలినది.

ఆ పదార్థమేదో తెలియుటకు మరి నలువది యేండ్లకు పైగా పట్టినది. జపాను దేశీయులగు ఇషిజాకా దంపతులు అమెరికాలోని డెన్వరు నగరమున 1966లో దానిని గుర్తించిరి. స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు యోహాన్సన్, బెన్నిఖ్ అనువారు వేరుగా పరిశోధించి 1967లో దానినే కనుగొనిరి. 1968లో దానికి ఇమ్యునోగ్లోబులిన్-ఇ యని పేరు స్థిరపడినది. క్లుప్తముగా దీనిని ఐజి-ఇ యందురు. ఇది కూడ ఒక ప్రతిరక్షకమే. రక్తములోని ప్రతిరక్షకము లన్నిటిలో దీని భాగము అత్యల్పము. దాని అల్పత్వమే ఇంతకాలము అది కంటబడకుండుటకు కారణము.

ఇప్పుడు కథ యంతయు వరుసగా చెప్పవచ్చును. రొయ్యలు పడని యొక బాలుని తీసికొందము. మొదట రొయ్యలు తిన్నప్పుడు అతనికి ఏమియు కాలేదు. కాని అతని తెల్లకణములు రొయ్యలోని ఒక మాంసకృత్తును శత్రువని పొరపాటుగా తలచి, దానికి తగిన ఐజి-ఇని తయారుచేసినవి. ఈ ఐజి-ఇ రక్తములో రెండు మూడు దినములకంటె ఎక్కువ నిలువదు. కాని అది పోయి మాస్ట్ కణములు అనువానిపై అంటుకొన్నచో వారముల తరబడి అచ్చటనే యుండును. ఈ మాస్ట్ కణములు చర్మమునందు, ముక్కునందు, శ్వాసనాళములందు, ప్రేగులందు, అనగా బయటి ప్రపంచము మన దేహమును తాకు తావులందెల్ల కాపున్నవి. వాని లోపల హిస్టమిన్ మొదలగు తీవ్రమైన ద్రవ్యములు చిన్నచిన్న రేణువులుగా నిలువచేయబడి యుండును.

ఇక రెండవమారో, పదియవమారో ఆ బాలుడు రొయ్యలు తిన్నాడనుకొందము. ఆ మాంసకృత్తు పోయి మాస్ట్ కణముపై నున్న రెండు ఐజి-ఇలను ఒక్కసారిగా తగులుకొన్నంతనే, ఆ కణము తన రేణువుల నన్నిటిని బయటికి విడుచును. ఇది నిమిషములలో జరుగును. హిస్టమిన్ పనిచేసిన చోట సన్నని రక్తనాళములు వెడల్పగును. వాని గోడలనుండి నీరు ఊరి బయటికి వచ్చును. శ్వాసనాళముల చుట్టునున్న కండరములు బిగుసుకొనును. ఇది చర్మములో జరిగినచో దద్దుర్లు, దురద. ముక్కులో జరిగినచో తుమ్ములు, పడిసెము. ఊపిరితిత్తులలో జరిగినచో ఆయాసము, పిల్లికూతలు. ఉబ్బసముగల చాలమంది బిడ్డలలో జరుగునది ఇదియే. ప్రేగులలో జరిగినచో వాంతులు, విరేచనములు. పేర్లు వేరైనను క్రియ యొక్కటే.

ఇందువలన రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటిది: "నిన్నటివరకు తిన్నావు గదా, నేడు పడకపోవుటేమి?" అని యడుగుట న్యాయము కాదు. మొదటిమారులందు బాధ లేకుండుటయు, పిమ్మట కలుగుటయు ఈ వ్యాధి స్వభావము. రెండవది: విషమునకు మోతాదునుబట్టి బలము. ఇచ్చట కీడు చేయునది పదార్థము కాదు, శరీరము దాచియుంచిన ద్రవ్యములు. కావున మిక్కిలి అల్పమైన పదార్థము కూడ గొప్ప ఉపద్రవమును తేగలదు. రొయ్యలు వేయించిన నూనెలో వేయించిన వడియము చాలును.

ఇట్టి గుణము శరీరమున కసలు ఎందుకు కలిగినదని విద్యార్థు లడుగవచ్చును. ప్రేగులలో చేరు నులిపురుగుల వంటి పరాన్నజీవులను వెడలగొట్టుటకే ఐజి-ఇయు, మాస్ట్ కణములును ఏర్పడినవని పలువురు శాస్త్రజ్ఞుల యభిప్రాయము. తుమ్ము, దగ్గు, వాంతి, విరేచనము, దురద అన్నియు శత్రువును బయటికి నెట్టు ఉపాయములే. శత్రువు కానిదానిపై ఆ బలమును ప్రయోగించుటయే దోషము. ఈ గుణము కొన్ని కుటుంబములలో ఎక్కువగా కనబడును. తల్లికో తండ్రికో ఉబ్బసముండినచో బిడ్డకు అది వచ్చు అవకాశము హెచ్చు. ఇది ఒకరినుండి మరియొకరికి అంటుకొను జబ్బు మాత్రము కాదు.

నాలుగు విధములు

శరీరరక్షణము హద్దుమీరుట ఒక్క విధముగానే జరుగదు. గెల్, కూంబ్స్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు 1963లో దీనిని నాలుగు తరగతులుగా విభజించిరి. ఇంతవరకు మనము చెప్పినది మొదటి తరగతి. ఇది నిమిషములలో వచ్చును.

రెండవ తరగతిలో ప్రతిరక్షకములు మన కణములనే పట్టుకొని నాశనము చేయును. రక్తమున ఆర్‌హెచ్ గుణము లేని తల్లి గర్భమున ఆ గుణముగల శిశువు పెరిగినప్పుడు ఇది సంభవింపవచ్చును. మొదటి కాన్పున సాధారణముగా హాని యుండదు. ప్రసవ సమయమున శిశువు రక్తము కొంత తల్లి రక్తములో కలియుటచే ఆమె శరీరము దానిని గుర్తుంచుకొని, రెండవ గర్భమునందలి శిశువు ఎఱ్ఱకణములను పాడుచేయును. 1968లో వాడుకలోనికి వచ్చిన ఒక సూదిమందు తల్లికి సకాలమున ఇచ్చినచో ఈ యపాయము తప్పును. మూడవ తరగతిలో ప్రతిరక్షకమును, పరపదార్థమును కలిసి ముద్దలై సన్నని రక్తనాళములలో చిక్కుకొని వాపు కలిగించును. వియన్నా బిడ్డలకు వచ్చిన జ్వరము ఈ తరగతిలోనిదే. నేడును మన దేశమున పాముకాటునకు వాడు విరుగుడు మందు గుఱ్ఱపు రక్తమునుండియే తయారగుచున్నది. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మొదలగు నాలుగు పాముల విషమును విరుచును. దానికి మారుమందు లేదు. అయితే అది కొందరికి పడకపోవచ్చును గనుక ఆసుపత్రిలో, తగిన మందులు సిద్ధముగా నుంచుకొని మాత్రమే దాని నెక్కించుదురు. పాము కరచినవానిని మంత్రములకును, పసరులకును కాక నేరుగా ఆసుపత్రికే తీసికొనిపోవలెననుటకు ఇది మరియొక హేతువు.

నాలుగవ తరగతి మన పల్లెలలో అందరును ఎరిగినది. నల్లజీడి గింజల రసముతో చాకలివారు బట్టలకు చెరగని గుర్తులు పెట్టుచుండుట పూర్వాచారము. ఆ రసము తగిలిన చోట కొందరికి ఒకటి రెండు దినముల పిమ్మట చర్మము వాచి, పొక్కి, నీరు కారును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మన దేశమునకు వచ్చిన అమెరికా సైనికులలో కొందరికి సరిగా చొక్కా గుర్తు మెడకు తగులు చోటనే పొక్కులు లేచినవి. వైద్యులు వెదకగా కారణము ఆ గుర్తే యని తేలినది. అమెరికాలో పాయిజన్ ఐవీ అను విషపుతీగ యొకటి కలదు. దాని రసమును, మన జీడిరసమును ఒకే జాతి ద్రవ్యములు. ఆ తీగను ముందుగానే తాకియున్న శరీరము, సముద్రములు దాటి వచ్చినను, దాని చుట్టమును గుర్తుపట్టినది! జీడిమామిడి గింజ పైపెంకులోని రసమునకు కూడ ఈ గుణమే కలదు. జీడిపప్పు ఒలుచు పనివారు చేతులకు నూనె రాచుకొనుట యిందులకే.

వయ్యారిభామ యను కలుపుమొక్క దీనికి మరియొక యుదాహరణము. అమెరికా ఖండమునకు చెందిన ఈ మొక్కను మన దేశమున 1950 తరువాతి దశకములో పూనా ప్రాంతమున గుర్తించిరి. ఇప్పుడు అది లేని బీడు గాని, రోడ్డుప్రక్క గాని మన జిల్లాలలో కనబడదు. దానిని ఒట్టి చేతులతో పెరికిన రైతులకు కొంతకాలమునకు ముఖము, మెడ, చేతులు నల్లబారి, పగిలి, తీరని దురద పట్టును. గాలికి ఎగిరివచ్చిన ఎండుటాకు పొడి చాలును. పాఠశాలల ఆవరణములను శుభ్రపరచునప్పుడు విద్యార్థులు ఈ మొక్కను చేతి తొడుగులు లేకుండ తాకకూడదు.

ఈ నాలుగవ తరగతిలో ప్రతిరక్షకములకు పని లేదు. లాండ్‌స్టైనర్, చేజ్ అనువారు 1942లో సీమయెలుకలపై చేసిన పరీక్షలలో, ఈ గుణము రక్తపు తేటతో ఒకదానినుండి మరియొకదానికి పోలేదు. తెల్లకణములను ఎక్కించినప్పుడే పోయినది. ఈ కణములు కదలివచ్చి గుమిగూడుటకు కాలము పట్టును గనుక లక్షణములు ఒకటి రెండు దినములు ఆలస్యముగా కనబడును. క్షయ పరీక్షకు ముంజేతిలో సూదివేసి "మూడవనాడు వచ్చి చూపింపుడు" అని వైద్యులు చెప్పుటకు కారణ మిదియే.

నివారణము

పడని వస్తువు ఏదో ఊహించుట కాక, తెలిసికొనవలెను. ఏమి తిన్న పిమ్మట, ఎంతసేపటికి, ఏ లక్షణములు వచ్చినవో ఒక పుస్తకమున వ్రాసియుంచి వైద్యునకు చూపవలెను. అనుమానమున్న పదార్థపు చుక్కను ముంజేతిపై వేసి సూదిమొనతో చర్మమును తాకించినచో, పదునైదు నిమిషములలో దద్దురు లేచునో లేదో చూడవచ్చును. ఇది వైద్యుని యెదుటనే జరుగవలెను. పాలు త్రాగిన కడుపుబ్బరమంతయు అలర్జీ కాదు. పాలలోని చక్కెర జీర్ణము కాకపోవుట వేరు సంగతి. ఏ పరీక్షయు లేకుండ పప్పు, పాలు, గ్రుడ్లు, చేపలు అన్నియు పడవని మాన్పించి బిడ్డను బలహీనపరచుట కూడ ఒక అపకారమే.

ఈ విషయమున 2015లో లండనునుండి వెలువడిన పరిశోధన తల్లులందరును తెలిసికొనదగినది. వేరుశెనగ పడకుండ పోవు ప్రమాదము హెచ్చుగా నున్న 640 మంది పసిబిడ్డలను రెండు భాగములు చేసిరి. ఒక భాగమునకు వేరుశెనగ తగులనీయలేదు. రెండవ భాగమునకు మొదటి సంవత్సరమునుండియే దానిని ఆహారములో కలిపి పెట్టిరి. బిడ్డలకు అయిదేండ్లు వచ్చునప్పటికి, తినని వారిలో నూటికి 17 మందికి వేరుశెనగ పడలేదు; తిన్నవారిలో నూటికి 3 గురికి మాత్రమే పడలేదు. శరీరము ఆహారముగా ముందే ఎరిగినదానిని శత్రువని తలచుట అరుదని దీనివలన తెలియుచున్నది. అయితే ఒళ్లంతయు గజ్జివలె పొక్కిన బిడ్డలకు దీనిని వైద్యుని సలహాతోనే ప్రారంభింపవలెను. పసిబిడ్డలకు గింజలను గింజలుగా ఎన్నడును పెట్టకూడదు, గొంతు కడ్డుపడును.

దుమ్ము పడనివారికి నిజముగా పడనిది మట్టి కాదు. పరుపులలోను, దిండ్లలోను పెరుగు, కంటికి ఆనని దుమ్ముపురుగుల మలమే ముఖ్య కారణము. పక్కబట్టలను వారమున కొకమారు బాగుగా కాగిన నీటిలో ఉతికి ఎండలో ఆరవేయుటయు, చీపురుతో దుమ్ము లేపక తడిగుడ్డతో తుడుచుటయు మేలు. పుప్పొడి, కందిరీగ విషము మొదలగువాని విషయమున, ఆ పదార్థమునే అత్యల్పముగా మొదలుపెట్టి క్రమముగా హెచ్చించుచు శరీరమునకు మచ్చిక చేయు చికిత్స కలదు. లియోనార్డ్ నూన్ 1911లో లండనున దీనిని ప్రకటించెను. రిషే తన కుక్కల విషయమున కోరిన ఫలమును నూన్ మనుష్యులకు సాధించెనని చెప్పవచ్చును.

ప్రాణాపాయము

మాస్ట్ కణములు ఒక్కచోట కాక ఒళ్లంతట ఒక్కసారిగా విడిపోయినచో అది అనాఫిలాక్సిస్. తేనెటీగ గాని, కందిరీగ గాని కుట్టుట, పెనిసిలిన్ వంటి సూదిమందు, రొయ్యలు, వేరుశెనగ, జీడిపప్పు మొదలగు ఆహారములు దీనికి సామాన్య కారణములు. ఒళ్లంత దద్దుర్లు, పెదవులును నాలుకయు వాచుట, గొంతు బొంగురుపోవుట, ఆయాసము, కన్నులు తిరుగుట, స్పృహ తప్పుట దీని గుర్తులు. ఒక్కొక్కప్పుడు దద్దుర్లు లేకుండగనే ఊపిరి తగ్గిపోవును. దీనికి మందు అడ్రినలిన్. రిషే ఓడ ప్రయాణము చేసిన 1901వ సంవత్సరముననే జోకిచీ తకామీనే యను జపాను శాస్త్రజ్ఞుడు దీనిని శుద్ధరూపమున వేరుచేసి ప్రకటించుట విశేషము. అది వెడల్పైన రక్తనాళములను బిగించును. బిగిసిన శ్వాసనాళములను విప్పును. మాస్ట్ కణములను అణచును. అనగా హిస్టమిన్ చేసిన ప్రతి కీడునకును అది ఎదురుపని చేయును. దద్దుర్లకు ఇచ్చు మాత్రలు దీనికి బదులు కావు.

ఈ క్రింది నియమములను ప్రతి విద్యార్థియు కంఠస్థము చేయవలెను.

1. ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను, లేదా దగ్గరి ఆసుపత్రికి వాహనములో తీసికొనిపోవలెను. "కొంచెము చూతము" అని కూర్చుండరాదు.

2. రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్లను ఎత్తుగా నుంచవలెను. ఆయాసము ఎక్కువగా నున్నచో కూర్చుండనీయవలెను. వాంతి వచ్చుచున్నను, స్పృహ లేకున్నను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నిలువబెట్టుటయు నడిపించుటయు ప్రాణాంతకము కావచ్చును.

3. తేనెటీగ కుట్టినచో ముల్లును తక్షణము గీరి తీసివేయవలెను.

4. వైద్యుడు ముందుగా వ్రాసియిచ్చిన అడ్రినలిన్ రోగియొద్ద నున్నచో, తొడ బయటి ప్రక్క కండలో వెంటనే ఇప్పింపవలెను.

5. నోట నీరు గాని, పసరు గాని పోయరాదు.

6. బాధ తగ్గినను ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచవలెను. ఒక్కొక్కప్పుడు అది మరల తిరుగబెట్టును.

7. ఏ మందు పడలేదో చీటిపై వ్రాసి, జీవితమంతయు ప్రతి వైద్యునకును ముందుగా చెప్పవలెను.

చివరగా తోటి విద్యార్థులను గూర్చి ఒక మాట. "వేరుశెనగ పడదు" అన్న స్నేహితుని పరీక్షింపగోరి, అతనికి తెలియకుండ పచ్చడిలో దానిని కలిపి పెట్టుట వినోదమని తలచువారు లేకపోలేదు. అది వినోదము కాదు. నెప్ట్యూన్ అను కుక్కకు రెండవమారు సూదిమందు ఇచ్చుటతో సమానము. చేతులపై పొక్కులున్న బాలిక ప్రక్కన కూర్చుండ నిరాకరించుట కూడ అజ్ఞానమే, ఏలయన అది అంటుకొను జబ్బు కాదు. వేసవి సెలవులకు ముందు తల్లిదండ్రులు తమ బిడ్డలకు పడని మందులు, ఆహారములు ఏవో ఒక కాగితముపై వ్రాసి తరగతి ఉపాధ్యాయునకు పంపినచో, రాబోవు సంవత్సరమున మధ్యాహ్న భోజనపు వేళను, విహారయాత్రలలోను అది మా కెంతయు ఉపకరించును. ఆ కాగితము చిన్నదైనను, అవసరము వచ్చిన నాడు దాని విలువ తెలియును.